ఆమె వెనక ఏ పార్టీ లేదు

మేడం సంస్మరణ సభ ముగిసింది. కొంపల్లిలో ఆమె అద్దెకున్న అపార్టుమెంటు కమ్యూనిటీ హాల్లో అందరం టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా ఆమె తమ్ముడు నా మోచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దమనిషి, రిటైరైన ఇంజనీరు. గొంతు తగ్గించి అడిగాడు.

“మీరు బ్యాంకులకు స్థలాల విలువ కట్టే పనిలో ఉన్నారటగా. అక్కయ్యకి షామీర్‌పేట అవతల ఏదో పొలం ఉందని ఇక్కడ నలుగురూ అనుకుంటున్నారు. ఇంట్లో చూస్తే కాగితం ముక్క కనపళ్లేదు. కాస్త కనుక్కుని పెడతారా?”

“పొలమేమీ లేదండీ.”

“అయ్యో, మొహమాటపడకండి. ఆవిడ ఏదీ ఒక పట్టాన చెప్పేది కాదు. ఎప్పుడో కొనిపెట్టిందట. ఉద్యోగం పోయింది కూడా అందుకేనటగా?”

ఆ హాల్లో ఉన్నవాళ్లంతా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లో, ఆమెతో పనిచేసినవాళ్లో. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. మేడం తెలివైనది, సరైన టైముకు కొన్నది అని మెచ్చుకోలుగానే అంటున్నారు. అది అబద్ధం. ఆ అబద్ధానికి మొదటి మాట నాది. అది ఇంతకాలం చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. ఎవరి దగ్గర విన్నామో వాళ్ల పేరు ఎక్కడా రాయకూడదని నేర్పిన మనిషి ఆమె. కింద వచ్చే యాదగిరి, లక్ష్మమ్మ కూడా నేను మార్చిన పేర్లే.

తొంభైల చివర్లో ఒక సంస్థ మా వంటి పాతిక ముప్పై మందికి శిక్షణ పెట్టింది. ఊళ్ల పక్క భూమి ఎలా ప్లాట్లవుతోంది, జీతగాళ్లు దాచుకున్న డబ్బు వాయిదాల మీద ఆ ప్లాట్లలోకి ఎలా వస్తోంది, ఇల్లు కట్టుకోవడానికి కాకుండా దాచుకోవడానికే మనుషులు నేల ఎందుకు కొంటున్నారు, ఇవన్నీ ఎలా అధ్యయనం చెయ్యాలో నేర్పడం దాని ఉద్దేశం. కండ్లకోయ దగ్గర హైవే పక్కన ఒక కాలేజీ హాస్టల్ అద్దెకు తీసుకున్నారు. పొద్దున పాఠం, తర్వాత వ్యానెక్కి షామీర్‌పేట వైపు ఊళ్లకు. మాకు పాఠం చెప్పిందీ, ఊళ్లకు తీసుకెళ్లిందీ మేడమే.

పొట్టి మనిషి. నేత చీర, భుజానికి పెద్ద గుడ్డసంచి. వ్యాను దిగగానే చేతి గడియారం తీసి సంచిలో వేసేది. ఆ తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకునేది. పొలాల్లో నడిచినంతసేపూ ఆ చేతులు ముందుకు వచ్చేవి కావు. గట్టు ఎక్కేటప్పుడు తూలినా అంతే. మొదట్లో అది ఆమె అలవాటు అనుకుని వెనక నుంచి అనుకరిస్తూ నవ్వుకునేవాళ్లం. ఒకరోజు ఒక కుర్రాడు, “అదిగో మేడం, ఆ లేఅవుట్” అని చెయ్యి చాపాడు. ఆమె ఠక్కున అతని చెయ్యి పట్టి కిందికి దించింది.

“నేలని వేలు పెట్టి చూపించేది కొనేవాడు అబ్బాయ్. ఇంటికి పోయేలోపు ఊరంతా తెలిసిపోతుంది, ఫలానా వాళ్ల చేను ఎవరో చూసి వెళ్లారని. మనం చూడ్డానికొచ్చాం, కంటితో చూడు.”

ఆ రోజు నుంచి మేమంతా చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాళ్లం. దూరం నుంచి ఎవరైనా చూస్తే పోలీసులు పట్టుకెళ్తున్న గుంపులా ఉండేవాళ్లం. పశువులు కాసే ఒకాయన అడగనే అడిగాడు, “ఏం జేసిండ్రమ్మా వీళ్లు?” అని. మేడం తల వెనక్కి వేసి నవ్వింది. ఆమె నవ్వితే దగ్గు వచ్చేది, కళ్లద్దాలు జారేవి. అప్పుడు కూడా చేతులు వెనకే ఉంచుకుని, అద్దాలు సరిచెయ్యమని పక్కనున్న అమ్మాయి వైపు ముఖం చాపింది.

మనుషుల ముందు కలం తియ్యనిచ్చేది కాదు. మాట్లాడి వచ్చాక, బస్‌స్టాపు అరుగు మీద చుట్టూ కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు పైకి చెప్పించేది. సంచిలోంచి వేయించిన పల్లీలు తీసి అందరికీ పంచుతూ వినేది. ఎక్కడో ఒకచోట నమలడం ఆపి అడిగేది:

“ఆ మాట ఆయన అన్నాడా, నువ్వు అన్నావా?”

ఈ ప్రశ్నకు మేం భయపడేవాళ్లం. “ఇగ వ్యవసాయం గిట్టుబాటు కాదని అన్నాడు మేడం” అంటే, గిట్టుబాటు అనే మాట ముందు ఎవరి నోట్లోంచి వచ్చిందో రాబట్టేది. నూటికి తొంభై సార్లు మాదే. “మీ మాట తీసుకెళ్లి ఆయన నోట్లో పెట్టి, మళ్లీ తెచ్చి నాకు చూపిస్తున్నారు” అనేది. కోపంగా కాదు. అలసటగా.

ఆమె మాకు పెట్టిన పెద్ద నిషేధం ఇంకొకటి. ఎంతిస్తే అమ్ముతారని అడగకూడదు. మా పుస్తకాల్లో దీనికి ఒక పద్ధతి ఉండేది. ఒకవేళ ఇంతిస్తే ఇస్తారా, ఒకవేళ ఇంకొంచెం ఇస్తే, ఇంకొంచెం ఇస్తే అని వేలం పాటలా పెంచుకుంటూ పోవడం. మనిషి తన నేలకు మనసులో కట్టుకున్న విలువ అలా బయటపడుతుందని రాసి ఉండేది. ఆ పుట వచ్చినప్పుడు ఆమె పుస్తకం మూసేసింది.

“మీకిది ప్రశ్న. వినేవాళ్లకి బేరం. మీరు ‘ఒకవేళ’ అనేసి వ్యానెక్కి వచ్చేస్తారు. అది వాళ్లింట్లోనే ఉండిపోతుంది. రాత్రి దాన్ని పక్కన పెట్టుకునే పడుకుంటారు వాళ్లు.”

నాది మేడ్చల్. ఆ చుట్టుపక్కల మాట నాకు పుట్టుకతో వచ్చింది. మిగతావాళ్లు అర్థం కాక తల ఊపే చోట నేను చనువుగా కూర్చుని మాట్లాడేవాణ్ని. అందుకే మేడం నన్ను ఒంటరిగా పంపేది. అలా ఒకరోజు షామీర్‌పేట దాటి లోపలికి ఉన్న ఒక ఊళ్లో యాదగిరి ద్రాక్షతోటకు వెళ్లాను.

ఆ రోజుల్లో అటువైపు ద్రాక్షతోటలు ఇంకా ఉండేవి. రాతి కడీలు పాతి, వాటి మీద తీగెలు లాగి, పందిరి వేసి పెంచేవాళ్లు. ఆ తోటను ఏటా రెండుసార్లు కత్తిరించాలి. ఎండలు ముదిరేటప్పుడు ఒకసారి, దసరా వెళ్లాక ఒకసారి. దసరా కత్తిరింపు తప్పితే ఆ ఏడు కాయ లేదు. యాదగిరి పందిరి కింద నిలబడి కత్తెరకు నూనె పెట్టి ఆడిస్తున్నాడు. తోట సంగతి ఎంతైనా చెప్పాడు. బోరులో నీళ్లు, తుత్తం సున్నం మందు, కూలీల పరేషాన్. భూమి సంగతి ఎత్తితే మాత్రం, “మనకెందుకు సార్ గవన్నీ” అని నవ్వేవాడు. పొద్దు గడుస్తోంది. ఇంకో గంటలో వ్యాను వస్తుంది. బస్‌స్టాపులో మేడం ముందు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

“అన్నా, ఒకవేళ ఎవలన్న ఎకరానికి గింత ఇస్తమంటే అమ్ముతవా?” అన్నాను.

నవ్వాడు. పెంచాను. మళ్లీ నవ్వాడు. ఇంకా పెంచాను. ఆటలా ఉంది నాకు. ఒక అంకె దగ్గర ఆయన చేతిలో కత్తెర ఆగింది.

“ఏ ఊరు సార్ మీది?”

“మేడ్చలే అన్నా.”

“అట్ల చెప్పు మరి. మనోనివే.” భార్యను కేకేశాడు. “ఓ లచ్చమ్మా, ఇగ్గో, సారుకు సల్ల తే.”

లక్ష్మమ్మ తెచ్చిన మజ్జిగ తాగి, సంతోషంగా వ్యాను దగ్గరికి వెళ్లాను. అరుగు మీద నా వంతు వచ్చినప్పుడు ఆ అంకె చెప్పాను. మేడం నమలడం ఆపింది.

“ఆయన అన్నాడా, నువ్వు అన్నావా?”

“ఆయనే అన్నాడు మేడం.”

నా వైపు కాసేపు చూసింది. పల్లీల పొట్లం నా చేతిలో పెట్టింది. తర్వాతి వాళ్ల వైపు తిరిగింది.

పదిహేను రోజులకు మళ్లీ ఆ ఊరికి వెళ్లేసరికి, ఏ ఇంట్లో కూర్చున్నా అదే అంకె. హోటలు దగ్గర, పాలకేంద్రం దగ్గర అదే. పెద్ద పార్టీ వస్తాంది, సారొచ్చి అడిగి పోయిండు అంటున్నారు. ఆ ప్రాంతంలో పార్టీ అంటే భూమి కొనే ఆసామి. మేడం ఎవరినీ ఏమీ అడగలేదు. నన్ను మాత్రం వెంట రమ్మంది. ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని యాదగిరి తోట దాకా నడిచాం.

“చూడండి యాదగిరిగారూ, మేం చదువుకునేవాళ్లం. మా వెనక ఎవరూ లేరు. ఈ అబ్బాయి అడిగింది ఊరికే అడిగింది.”

యాదగిరి చేతులు జోడించాడు, నవ్వుతూ. “పెద్ద పార్టీలు గట్లనే అంటయి మేడం. ముందుగాల ఎవలూ లేరనే అంటరు. మాకెరుకలేదా?”

“నిజంగా లేరండీ.”

“సరే, లేరు. మీరు గట్లనే ఉండుండ్రి, నేను గిట్లనే ఉంట.” నాకు కన్ను గీటాడు. నేను మేడ్చల్ వాణ్ని, ఆమె ఆంధ్రా ఆమె. నా నోట్లోంచి వచ్చింది నిజమనీ, ఆమె దాన్ని దాచి రేటు తగ్గించడానికి వచ్చిందనీ ఆయన లెక్క. నేను నోరు విప్పి, “అన్నా, నేనే ఉత్తగ అడిగిన, నా తప్పే” అనాల్సిన చోటు అది. పక్కన మేడం ఉంది. ఆమెతో ఆయనే అన్నాడని చెప్పి ఉన్నాను. ఊరుకున్నాను.

దసరా వెళ్లింది. చుట్టుపక్కల తోటల్లో కత్తెరలు ఆడుతున్నాయి. యాదగిరి తోట ముట్టలేదు. మేడం ఆదివారం ఆదివారం ఆర్టీసీ బస్సెక్కి ఆ ఊరు వెళ్లడం మొదలుపెట్టింది. శిక్షణలో భాగం కాదు, సెలవు రోజు. రెండుసార్లు నన్ను తీసుకెళ్లింది.

“కొమ్మలు కత్తిరించుకోండి యాదగిరిగారూ. కత్తిరించినంత మాత్రాన భూమి ఎక్కడికీ పోదుగా.”

“కోసినంక పార్టీ అచ్చిందనుకో మేడం. కూలీ, మందు, మొత్తం నా మీద వడ్తది. పందిరే పీకేసేటప్పుడు కాయ ఎవనికి?”

“పార్టీ రాదు.”

“మీరు రాదంటనే ఉన్నరు, మీరైతే వస్తనే ఉన్నరు.”

రెండోసారి మేం తిరిగి వస్తుంటే లక్ష్మమ్మ తడకదాకా వచ్చింది. మేడం చెయ్యి పట్టుకుంది. వెనక్కి కట్టుకున్న చేతిని అలా లాగి పట్టుకున్నవాళ్లను నేను ఇంకెవరినీ చూడలేదు.

“అక్కా, నీ చెల్లె లెక్క అడుగుతున్న. నిజంగ ఎవలూ లేరా?”

“లేరమ్మా. ఒట్టు.”

“మరి గిన్నిసార్లు ఎందుకస్తున్నవక్కా?”

మనుషులు చెప్పేదాన్ని ఎలా వినాలో ఏళ్ల తరబడి నేర్పిన మనిషి, ఒక ఆడమనిషి అడిగిన చిన్న ప్రశ్నకు నోరు తెరిచి, మూసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తూంకుంట దాటాక తనలో తను అనుకుంటున్నట్టు అంది. “వెళ్తే నమ్ముతారు పార్టీ ఉందని. వెళ్లకపోతే లేదని చెప్పేవాళ్లు ఉండరు.”

తర్వాతి ఆదివారం వెళ్లలేదు. ఆ వెళ్లకపోవడాన్ని కూడా ఊరు తనకు తోచినట్టే అర్థం చేసుకుంది. లోపల మాటలు నడుస్తున్నాయి, పార్టీ తేల్చుకుంటోంది అని. కత్తిరింపు అదను దాటిపోయింది. చలికి ఆకు మీద బూజు తెగులు లేచింది. యాదగిరి మందు కూడా కొట్టలేదు.

ఈలోగా సంస్థకు ఎవరో చెప్పారు, శిక్షణ ఇచ్చే మేడం సెలవు రోజుల్లో ఒక ఊళ్లో భూమి బేరం చేస్తోందని. ఆమెను పిలిచి అడిగారు. నేను వరండాలో ఉన్నాను. తలుపు వేసి లేదు. ఆ అంకె ఊళ్లోకి ఎలా వెళ్లిందని అడిగారు.

“నా ఫీల్డు. నా పొరపాటు” అంది.

బయటికి వచ్చినప్పుడు నేను ఎదురుగా ఉన్నాను. నా ముఖం చూస్తే ఆమెకు తెలియకుండా ఉండదు. అరుగు మీద ఆ రోజే తెలిసి ఉంటుంది. “నా పేరు చెప్పాల్సింది మేడం” అన్నాను.

“ఫీల్డులో ఎవరి దగ్గర విన్నామో వాళ్ల పేరు చెప్పకూడదని నేనే కదయ్యా నేర్పింది.”

కొంచెం నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఆమెను శిక్షణ నుంచి తప్పించారు. కొన్నాళ్లకు తనే సంస్థ వదిలేసింది. నాకు సర్టిఫికెట్ వచ్చింది, ఆ సర్టిఫికెట్‌తో ఉద్యోగం వచ్చింది.

యాదగిరి రెండేళ్లు చూశాడు. రెండేళ్లు పందిరి మీద పండిందేమీ లేదు. అప్పటికి మార్కెట్ కూడా పడిపోయింది. అప్పులవాళ్లు ఒత్తిడి చేస్తే తోటను అయినకాడికి అమ్మేశాడు. అమ్మిన కొన్నేళ్లకే ఆ వైపు భూమి ఎలా ఎగిరిందో అందరికీ తెలుసు. తోట ఉన్నచోట గేటు వేసి, లోపల విల్లాలు కట్టారు. వాటిలో కొన్నిటికి ఇంటి రుణం కోసం విలువ కట్టిన కాగితాల మీద సంతకం నాది. విలువ కట్టడానికి వెళ్లిన రోజు ఆ కాలనీలో తిరుగుతుంటే, ఒక ఇంటి వెనక పీకకుండా వదిలేసిన రాతి కడీ ఒకటి కనిపించింది. దానికి ఎవరో బట్టలారేసే తాడు కట్టారు. మార్కెట్ విలువ అని ఉన్న గడిలో అంకె రాస్తున్నప్పుడల్లా ఇప్పటికీ నా కళ్ల ముందు ఒక కత్తెర ఆడుతూ ఆడుతూ ఆగుతుంది.

రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి మేడంని చూశాను. కొంపల్లిలో ఇంటి రుణాల మేళా. బ్యాంకు స్టాల్లో నేను టై కట్టుకుని కూర్చుని ఉన్నాను. జనం మధ్యలో చేతులు వెనక్కి కట్టుకున్న ఒక పొట్టి మనిషి విల్లాల నమూనా బల్ల ముందు వంగి చూస్తోంది. అందరూ వేలు పెట్టి చూపిస్తున్నారు, మాది ఇది, మాది అది అని. ఆమె కంటితో చూస్తోంది. నన్ను గుర్తుపట్టి వచ్చింది. పలకరింపులేమీ లేవు.

“యాదగిరి దగ్గరికి వెళ్లావా ఎప్పుడైనా?”

“లేదు మేడం.”

“వెళ్లు అబ్బాయ్. నేను చెప్తే నమ్మరు. నువ్వు వాళ్ల మనిషివి.”

వెళ్తానన్నాను. ఆమె సంచిలోంచి పల్లీలు తీసి, నా బల్ల మీద, బ్రోచర్ల పక్కన పెట్టి వెళ్లిపోయింది. నేను వెళ్లలేదు. ఇవాళ రేపు అనుకుంటూ ఆమె పోయేదాకా వెళ్లలేదు.

సభ అయిన వారానికి ఆమె తమ్ముడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. పొలం లేదనీ, బేరం లేదనీ, ఆ మాట పుట్టించింది నేననీ. ఆయన అంతా విన్నాడు. “సరే లెండి” అన్నాడు. “మీకూ చెప్పకూడని కారణాలు ఉంటాయి.”

ఆ మర్నాడే తూంకుంట వెళ్లాను. యాదగిరి ఇప్పుడు అక్కడ కొడుకు ఇంట్లో, పైపోర్షన్‌లో ఉంటున్నాడు. లక్ష్మమ్మ పోయి కొన్నేళ్లయిందట. ఆయన చూపు తగ్గింది కానీ, నేను మేడ్చల్ సారుని అనగానే గుర్తుపట్టాడు. కుర్చీ వేయించాడు. మేడం పోయిందని చెప్పాను.

“అయ్యో. మంచి మనిషి.”

అప్పుడు చెప్పాను. నేను ఎలా అడిగానో, ఎందుకు అడిగానో, ఆమె నన్ను ఎలా దాచిందో. తల వంచుకుని చెప్పాను. తల ఎత్తేసరికి ఆయన నవ్వుతున్నాడు, ఆ రోజు పందిరి కింద నవ్వినట్టే.

“ఇగ ఆమె పోయింది గద సార్. ఇప్పుడన్న చెప్పు. ఎవలు పార్టీ?”

“ఎవలూ లేరన్నా. నా మీద ఒట్టు.”

“ఆమె సుత గట్లనే ఒట్టు వెట్టింది. మా లచ్చమ్మ చెయ్యి వట్టుకోని వెట్టింది. సచ్చేదాక మాట బయటికి రానియ్యలే సూడు. గట్టి మనిషి.” ఆయన గొంతులో కోపం లేదు. గౌరవం ఉంది. నాకు అదే భరించడం కష్టమైంది. “గసుంటి మనిషిని వెనకున్నోళ్లు మస్తుగ సూసుకోవాలె. సూసుకున్నరా సార్ ఆమెను?”

కొంపల్లిలో ఆమె ఉన్న అద్దె ఇల్లు గుర్తొచ్చింది. ఆమె చివరి రోజుల్లో నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు.

“సూసుకోలే అన్నా” అన్నాను.

యాదగిరి బాధగా తల ఊపాడు. నేను చెప్పినవాటిలో ఆ ఒక్కటే ఆయన నమ్మాడు.